రైఫిల్ ఇత్తడి కేసుల పొడవు కత్తిరించే పని త్వరగా, సమంగా సాగాలంటే ఏ పద్ధతి మేలు?

పీణ్య_లేత్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న టర్నింగ్ షాపు నడుపుతున్నాను. ఇత్తడి నాకు కొత్త లోహం కాదు. కానీ ఇప్పుడు అడగబోయే పని నా షాపులో ఎన్నడూ జరగనిది కనుక, దాన్ని చేసి చూసినవారి సలహా కోరుతున్నాను.

మా బావగారు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర, చాలాకాలంగా స్థిరపడ్డారు. అక్కడి చట్టం అనుమతించిన వ్యాపకమే కనుక, తన రైఫిళ్ళకు కావలసిన తూటాలను ఇంటి గ్యారేజీలోనే తిరిగి నింపుకుంటారు. పేల్చాక మిగిలిన ఇత్తడి కేసులను (తూటాల ఖాళీ తొడుగులను) ఏరి తెచ్చుకొని, శుభ్రం చేసి, డైలో నొక్కి అసలు కొలతకు తెచ్చి, మూతి దగ్గర పెరిగిన పొడవును కత్తిరించి, ఆ తరువాతే మిగిలిన పనికి దిగుతారు. ఇందులో మిగతా దశలన్నీ ఆయనకు ఇష్టమే. కత్తిరింపు ఒక్కటే భారంగా ఉందని ప్రతిసారీ ఫోనులో చెబుతుంటారు. ఆయన దగ్గర ఉన్నది చేతిపిడి తిప్పే చిన్న లేత్ వంటి ట్రిమ్మరు. ఒక్కొక్క కేసును దానిలో బిగించాలి, పిడి తిప్పాలి, విప్పాలి. ఆ తరువాత మూతి లోపలి అంచును ఒక పనిముట్టుతో, బయటి బర్‌ను (కోతకు లేచే గరుకు అంచును) దాని రెండో కొసతో తీయాలి. .223 రెమింగ్టన్ కేసులు ఆయనకు పెద్ద సంఖ్యలో పోగవుతాయి, ఎందుకంటే అవి సెమీ ఆటోమేటిక్ రైఫిలువి. బోల్టు రైఫిలుకు వాడే .308 విన్చెస్టర్ కేసులు కొద్దిగానే ఉంటాయి గాని, వాటితో ఆయన దూరపు లక్ష్యాలపై గురి చూస్తారు కనుక వాటి విషయంలో పట్టింపు ఎక్కువ.

డిసెంబరులో నేను అక్కడికి వెళ్తున్నాను. వెళ్ళేలోగా ఈ పనిని లేత్ పనివాడిగా అర్థం చేసుకోవాలని ఉంది. నాకు తెలిసినంతలో కేసు అడుగుభాగాన్ని ఒక గట్టి స్టాపుకు ఆనించి, కాలెట్‌లో (చీలికలున్న బిగింపు గొట్టంలో) పట్టి, అక్కడి నుంచి మూతి వరకు పొడవును నిర్ణయించడమే సరైన పద్ధతి. కానీ ఇప్పుడు వస్తున్న పరికరాల్లో చాలావరకు కేసు భుజాన్ని, అంటే ఒళ్ళు సన్నబడి మెడగా మారేచోటును, ఆధారంగా తీసుకుంటున్నాయని బావగారు అంటున్నారు. భుజం అనేది వాలుగా ఉండే తలం. దాన్ని ఆధారంగా తీసుకొని పొడవు కొలవడం నాకు మింగుడుపడడం లేదు. ఏది నమ్మదగినది? ఇత్తడికి మేము వాడే సున్నా రేక్ కోణపు (పైతలం ఎటూ వాలని) టూలు ఇక్కడా పనికి వస్తుందా? నా షాపులోనే ఒక కాలెట్ ఫిక్స్చరు (కేసును పట్టి ఉంచే అమరిక) చేసి వెంట తీసుకువెళ్తే ఆయనకు సాయంగా ఉంటుందా? దయచేసి వివరించగలరు.

వైట్‌ఫీల్డ్_308 జవాబు

పీణ్య_లేత్ గారికి నమస్కారం. ఉద్యోగరీత్యా కొలరాడోలో ఉన్న కాలమంతా ఈ పని చేసినవాడిని, ఇప్పుడు బెంగళూరుకు తిరిగి వచ్చి పూర్తిగా మానేసినవాడిని. మీరు అడిగిన మూడు సంగతుల్లో ఆధారతలం గురించినదే అసలైనది. అయితే దాని జోలికి పోయే ముందు కేసు ఎందుకు పెరుగుతుందో చూడాలి, ఎందుకంటే సమయం ఎక్కడ వృథా అవుతున్నదో ఆ కారణంలోనే తెలుస్తుంది.

పేలినప్పుడు లోపలి ఒత్తిడికి కేసు గోడలు ఉబ్బి ఛాంబరు (తుపాకిలో తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుంటాయి. ఆ ఉబ్బిన కేసును ఫుల్ లెంగ్త్ సైజింగ్ డైలో నొక్కినప్పుడు దాని చుట్టుకొలత తగ్గుతుంది; అలా తగ్గినచోట ఉన్న ఇత్తడి ఎటో ఒక వైపు పోవాలి కనుక మెడ వైపు జరుగుతుంది. డైలోని ఎక్స్‌పాండర్ బంతి (మెడ లోపలి వ్యాసాన్ని సరిచేసే గుండు) మెడలోంచి పైకి వచ్చేటప్పుడు మరికొంత లాగుతుంది. అంటే పొడవు పెరుగుదలలో ఎక్కువ భాగం తుపాకిలో కాదు, ప్రెస్సులో కనిపిస్తుంది. కనుక సైజు చేయని కేసును కొలిచి ఇది బాగానే ఉందని పక్కన పెట్టడం అర్థం లేని పని. సైజు చేసిన తరువాతే కొలవాలి, ఆ తరువాతే కత్తిరించాలి.

కొలతలు ఇవి. .223 రెమింగ్టన్ కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, అంటే 44.70 మి.మీ. మాన్యువళ్ళు కత్తిరించమని చెప్పే పొడవు 1.750 అంగుళాలు, అంటే 44.45 మి.మీ. .308 విన్చెస్టర్‌కు గరిష్ఠం 2.015 అంగుళాలు, కత్తిరించవలసినది 2.005 అంగుళాలు, మిల్లీమీటర్లలో 51.18, 50.93. గరిష్ఠ పొడవు దాటితే అది అందానికి సంబంధించిన లోపం కాదు. ఛాంబరులో మెడ కోసం ఉన్న చోటు ముగిసి బ్యారెలు గొంతు మొదలయ్యే అంచున కేసు మూతి ఇరుక్కుంటుంది, బుల్లెట్టును చుట్టూ బిగబట్టి వదలదు, దానితో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందువల్ల విసుగు పుట్టినా సరే ఈ దశను వదిలివేయడానికి వీలు లేదు.

ఇప్పుడు ఆ రెండు పొడవుల మధ్య తేడా చూడండి: 0.25 మి.మీ. మెడ గోడ మందం .223లో సుమారు 0.3 మి.మీ. మాత్రమే. అంత పలుచని ఇత్తడి ఉంగరం మీదనుంచి పావు మిల్లీమీటరు తీయడానికి ఏ కట్టరుకైనా క్షణం చాలు. మీ బావగారి సమయమంతా కత్తిరించడంలో పోవడం లేదు. బిగించడంలో, విప్పడంలో, ఆ తరువాత రెండు అంచులూ తీయడానికి అదే కేసును మళ్ళీ రెండుసార్లు చేతిలోకి తీసుకోవడంలో పోతున్నది. కనుక చేతిపిడికి మోటారు తగిలించినంత మాత్రాన పని వేగం పుంజుకోదు. ఒక కేసును ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుంటున్నామో ఆ సంఖ్య తగ్గించినప్పుడే పుంజుకుంటుంది. పరికరాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఈ ఒక్క లెక్కనే.

ఆధారతలం సంగతికి వస్తాను. అడుగు రిమ్ము ఒంటికంటే బయటికి పొడుచుకు రాని సీసా ఆకారపు కేసు ఛాంబరులో ఆగేది దాని భుజం మీద. హెడ్‌స్పేసు (బోల్టు ముఖానికీ భుజం ఆనేచోటుకూ మధ్య దూరం) కొలిచేది కూడా అక్కడి నుంచే. కనుక ఛాంబరు తనకు తానుగా వాడుకునే ఆధారతలం భుజమే గాని అడుగు కాదు. భుజాన్ని ఆనించి కత్తిరిస్తే మెడ పొడవు అన్ని కేసుల్లోనూ ఒకే విధంగా వస్తుంది. వాలుతలం గురించి మీ సందేహం సహజమే, కానీ పరికరంలోని బుషింగు (కేసు దూరే గొట్టం) ఆ వాలు మీద ఒక నిర్ణీత వ్యాసం దగ్గర ఆనుతుంది. శంఖుతలంపై స్థిరమైన వ్యాసం అంటే స్థిరమైన స్థానమే కదా. పైగా అడుగును ఆధారంగా తీసుకునే పరికరాల్లో కేసును పట్టేది రిమ్ము (అడుగు అంచు) దగ్గర. రిమ్ము మందం ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క విధంగా ఉంటుంది, సెమీ ఆటోమేటిక్ రైఫిలు ఎజెక్టరు (ఖాళీ కేసును బయటకు తోసే భాగం) అడుగున చిన్న గాట్లు పెడుతుంది, ఆ తేడాలన్నీ పొడవులోకి వచ్చి చేరతాయి.

అయితే భుజాన్ని నమ్ముకున్నప్పుడు ఒక షరతు ఉంది. భుజం అన్ని కేసుల్లోనూ ఒకేచోట ఉండాలి, అంటే అన్నీ ఒకే డైలో, ఒకే సెట్టింగులో సైజు అయి ఉండాలి. సైజు కాని కేసులను కలిపి వేస్తే పొడవులు చెదిరిపోతాయి. అలాగే సైజింగుకు పూసిన కందెనను పూర్తిగా కడిగివేయాలి. కందెన మిగిలితే ఇత్తడి రజను దానికి అంటుకొని బుషింగులో పేరుకుంటుంది, ఆ పేరిన రజను మీద భుజం ఆనడంతో కేసు పూర్తిగా లోపలికి పోదు, అలా కత్తిరించిన కేసు పొడవుగా మిగిలిపోతుంది. మధ్యమధ్యలో బుషింగును బ్రష్షుతో తుడుస్తూ, కొన్నింటిని వెర్నియరుతో కొలుస్తూ ఉండాలి.

పరికరాల విషయం క్లుప్తంగా చెబుతాను. అన్నింటికంటే చవకైనది లీ కంపెనీ పొడవు గేజి. దాని సన్నని పిన్ను కేసు లోపలినుంచి ఫ్లాష్ రంధ్రం (నిప్పు లోపలికి వచ్చే అడుగు రంధ్రం) గుండా పోయి అడుగున ఉన్న బిగింపుకు తగలగానే కట్టరు ఆగిపోతుంది, సర్దుబాటు అవసరమే లేదు, డ్రిల్లుకు తగిలించి నడపవచ్చు. మొదలుపెట్టేవారికి అంత నమ్మకమైనది మరొకటి లేదు, కానీ ప్రతి కేసునూ బిగించి విప్పవలసిందే. లిటిల్ క్రో గన్‌వర్క్స్ వారి డబ్ల్యూఎఫ్‌టీ అనేది డ్రిల్లు చక్‌లో పట్టే చిన్న పరికరం. భుజం మీద ఆగుతుంది, కేసును చేతితో లోపలికి తోస్తే చాలు, బిగింపు లేదు. అంచులు మాత్రం వేరుగా తీయాలి. జిరో (Giraud) వారి మోటారు ట్రిమ్మరులో మూడు అంచులున్న కార్బైడ్ బ్లేడు పొడవును, లోపలి చాంఫరును (అంచు వాలును), బయటి బర్‌ను ఒకే తోపులో పూర్తి చేస్తుంది. డిల్లాన్ వారిది ఇంకో దారి: మోటారును ప్రెస్సు తలమీదే నిలిపి, సైజింగూ కత్తిరింపూ ఒకే లాగుడులో చేసి, రజనును వాక్యూముతో పీల్చివేస్తుంది, అయితే దానిలో ఎక్స్‌పాండర్ ఉండదు కనుక ఆ తరువాత మెడ లోపలి వ్యాసాన్ని మరో డైతో సరిచేయాలి. ఇది వేలల్లో కేసులు నడిపేవారికే తగినది.

జాలహళ్ళి_టూల్‌రూం జవాబు

నేను టూల్‌రూములో పదవీ విరమణ చేసినవాడిని. తూటాల పని చేయలేదు. కానీ డీప్ డ్రా చేసిన ఇత్తడి గొట్టాల మూతులను సమం చేసే పని చాలా చేయించాను కనుక, లోహం గురించి నాలుగు మాటలు చెప్పగలను.

పీణ్య_లేత్ గారు షాపులో రోజూ తిప్పే ఇత్తడి కడ్డీ దాదాపు ఖచ్చితంగా ఐఎస్ 319 రకం, అంటే సుమారు 3 శాతం సీసం కలిసిన ఫ్రీ కటింగ్ బ్రాస్. ఆ సీసం వల్లనే చిప్పు పొడిపొడిగా రాలిపోతుంది, టూలు చల్లగా నడుస్తుంది. కార్ట్రిడ్జి బ్రాస్ అలాంటిది కాదు. 70 శాతం రాగి, 30 శాతం జింకు, సీసం దాదాపు లేదు. సాగదీయడానికి అనువుగా ఉండడం కోసం అలా చేస్తారు. ఫ్రీ కటింగ్ బ్రాస్ యంత్రణ సౌలభ్యాన్ని 100 అనుకుంటే దీనిది 30 మాత్రమే అని లోహశాస్త్ర పట్టికలు చూపుతాయి. పేరుకు రెండూ ఇత్తడే అయినా, టూలు కింద ఇది రాగికి దగ్గరి స్వభావం చూపుతుంది. తీగలా సాగుతుంది, మొద్దుబారిన అంచు దొరికితే తెగడం మాని పక్కకు ఒరిగి లోపలా బయటా బర్ లేపుతుంది.

అందువల్ల సున్నా రేక్ అలవాటును ఇక్కడ అలాగే తేవద్దు. సీసపు ఇత్తడిలో సున్నా రేక్ పెట్టేది టూలు పనిలోకి లాక్కుపోకుండా ఉండటానికి. సీసం లేని ఇత్తడిలో కొద్దిగా ధన రేక్ ఉన్నా ఇబ్బంది లేదు. రేక్ కంటే ముఖ్యమైనది అంచు పదును. బావగారి చేతి ట్రిమ్మరులో బర్ ఎక్కువగా వస్తున్నదంటే, మోటారు కొనడానికి ముందు కట్టరు అంచును భూతద్దంతో చూడమని చెప్పండి. పదునైన కట్టరుతో బర్ సగం తగ్గుతుంది, అంచులు తీసే పని ఆ మేరకు తేలికవుతుంది.

వేగం గురించి కూడా ఆందోళన అక్కరలేదు. .223 మెడ వ్యాసం సుమారు 6.4 మి.మీ. కనుక 1000 ఆర్‌పీఎం దగ్గర కోత వేగం నిమిషానికి 20 మీటర్లే అవుతుంది. హై స్పీడ్ స్టీలు కట్టరుకైనా అది చాలా తక్కువ. సమస్య వచ్చేది వేగంతో కాదు, తోసే చేతితో. గట్టిగా తోస్తే పలుచని గోడ అదురుతుంది, అంచు అలలుగా వస్తుంది. మెల్లగా తోసి, స్టాపు తగిలాక ఒకటి రెండు తిరుగుళ్ళు అక్కడే నిలపాలి. అప్పుడే మూతి చదునుగా వస్తుంది.

ఒక్క విషయంలో వైట్‌ఫీల్డ్_308 గారితో నాకు భేదాభిప్రాయం ఉంది. చేతితో తోసే పరికరంలో కేసు అక్షం కట్టరు అక్షంతో ఒకే గీతలో ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? బుషింగులో కొద్దిపాటి వదులు ఉన్నా మూతి ఒక పక్కకు వాలుతుంది. ఎల్.ఈ. విల్సన్ వారి ట్రిమ్మరు బొమ్మలు చూశాను. అందులో కేసును దాని ఒంటి వాలుకు సరిపోయే స్లీవులోకి తట్టి, ఆ స్లీవును రెండు పట్టాల మీద పడుకోబెట్టి కోస్తారు. యంత్రపనివాడి కంటికి ఆ నిర్మాణమే సరైనదిగా కనబడుతుంది. గురి కోసం వాడే .308 కేసులకైనా అటువంటిది ఉండాలి.

రేంజి_కోరమంగల జవాబు

లోహం గురించి, పరికరాల గురించి పెద్దలు చెప్పారు. ఫిక్స్చరును పీణ్యలో చేసి తీసుకువెళ్ళే ఆలోచన గురించి మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను: దయచేసి అది చేయవద్దు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. వ్యక్తిగత తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా నింపుకునే హక్కు రాదు; తయారీ లైసెన్సు వేరు. అంతకంటే ముఖ్యం, అదే చట్టం 2వ సెక్షన్‌లో తూటా సామగ్రికి ఇచ్చిన నిర్వచనంలో తూటాల భాగాలు, వాటిని తయారు చేసే యంత్రసామగ్రి కూడా కలిసి ఉన్నాయి. రైఫిల్ కేసును పట్టుకోవడానికే ఉద్దేశించిన కాలెట్, దానికోసమే చేసిన కట్టరు ఆ నిర్వచనం దరిదాపుల్లోకి వస్తాయి. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, విమానాశ్రయంలో దాన్ని వివరించవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు. టెక్సాస్‌లో ఆ పరికరం సాధారణ దుకాణపు వస్తువు, అక్కడే కొనుక్కోవచ్చు.

అదేవిధంగా తిరిగి వచ్చేటప్పుడు కొలత చూడటానికనో, జ్ఞాపకంగానో ఒక్క ఖాళీ కేసును కూడా సంచిలో వేసుకోవద్దు. అక్కడ గ్యారేజీ నేలమీద దొర్లే వస్తువు ఇక్కడ భద్రతా తనిఖీలో పోలీసు ప్రశ్నగా మారుతుంది. వెళ్ళినప్పుడు వేసుకున్న కోటు జేబులు, సంచి అడుగు మడతలు ఒకసారి వెతికి మరీ బయలుదేరండి.

ఇక్కడి రేంజిల్లో రాలే .22 కేసులతో సాధన చేయవచ్చునా అని ఎవరైనా అడిగేలోగానే చెబుతున్నాను, అది సాధ్యపడే పని కూడా కాదు. .22 తూటాలో పేలుడు మిశ్రమం అడుగున ఉన్న రిమ్ము మడతలోనే ఉంటుంది. తుపాకి పిన్ను దెబ్బకు ఆ మడత నలిగిపోతుంది కనుక ఆ కేసు ఒక్కసారికే. మళ్ళీ నింపుకోవడమన్న మాట మధ్యలో వేరుగా ప్రైమరు (మందును రాజేసే చిన్న మూత) అమర్చే సెంటర్ ఫైర్ కేసులకే వర్తిస్తుంది.

పీణ్య_లేత్

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫిక్స్చరు ఆలోచన పూర్తిగా విరమించుకున్నాను. యంత్రసామగ్రి కూడా ఆ నిర్వచనంలో ఉందన్న సంగతి మా షాపుల్లో చాలామందికి తెలిసి ఉండదు, చెప్పడం మంచిదయింది. భుజం ఆధారతలంగా ఎందుకు పనికి వస్తుందో ఇప్పుడు అర్థమయింది. శంఖుతలం మీద నిర్ణీత వ్యాసం అన్న మాటతో నా సందేహం తీరింది, మేము మోర్స్ టేపరు గేజితో చేసేది కూడా అదే కదా.

బావగారితో మాట్లాడాను. ఆయన ప్రతి కేసునూ వెర్నియరుతో కొలిచి, గరిష్ఠం దాటినవాటినే వేరు చేసి కత్తిరిస్తారట. ఇత్తడి వృథా కాకూడదని, కేసు ఆయుష్షు తగ్గకూడదని ఆయన ఆలోచన. .223 కేసుల్లో కొన్ని సైన్యపు తయారీవి, రేంజిలో ఏరినవి కూడా ఉన్నాయట. ఆయనకు ఏ సలహా ఇవ్వమంటారు? రెండు కాలిబర్లకూ ఒకే పరికరం చాలునా?

వైట్‌ఫీల్డ్_308 జవాబు

ముందుగా జాలహళ్ళి_టూల్‌రూం గారి అభ్యంతరానికి. మూతి చదును విషయంలో విల్సన్ నిర్మాణం మేలన్నది నిజమే. దానిలో పొడవుకు ఆధారం కేసు అడుగే అయినప్పటికీ, ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోంచి వచ్చినవి, ఒకే రైఫిలులో పేలినవి అయిన .308 కేసుల్లో ఆ అడుగు తేడాలు చాలా స్వల్పం. బోల్టు రైఫిలుకు భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు, రెండు వంతులు మాత్రమే వెనక్కి నెట్టి సైజు చేస్తే పెరుగుదల కూడా తక్కువగా ఉంటుంది కనుక కత్తిరించవలసిన సందర్భాలే అరుదు. కొద్ది కేసులు, అరుదైన పని, ఎక్కువ పట్టింపు: ఇటువంటి చోట నెమ్మదైన పరికరమే న్యాయం. .308కు బావగారి చేతి ట్రిమ్మరును, కట్టరు పదును చేయించి లేదా మార్పించి, అలాగే ఉంచమనండి. కొనదలిస్తే విల్సన్ కొనుక్కోవచ్చు. వేగం కావలసింది .223కే.

.223 విషయంలో ఒక్కొక్కటీ కొలిచి వేరు చేయడం నాకు నచ్చదు, కారణం చెబుతాను. వెర్నియరు దవడల మధ్య కేసును నిలిపి అంకె చదవడానికి పట్టే సమయం, జిరో వంటి పరికరంలోకి ఆ కేసును తోసి తీయడానికి పట్టే సమయం కంటే తక్కువేమీ కాదు. కొలవడం మాని అన్నింటినీ తోసేస్తే, పొడవు సరిపోయిన కేసును కట్టరు తాకదు, ఎక్కువైనదాన్ని మాత్రమే కోస్తుంది. వేరు చేసే పనిని పరికరమే చేసిపెడుతుంది. ఇత్తడి వృథా అవుతుందన్న భయం కూడా అక్కరలేదు, ఎందుకంటే పొట్టి కేసు నుంచి అది తీసుకునేది ఏమీ లేదు. అన్ని మూతులూ ఒకే పొడవులో ఉండడం వల్ల మరో లాభం ఉంది. సెమీ ఆటోమేటిక్ రైఫిలుకు తూటాలు చేసేవారు చాలామంది బుల్లెట్టు గాడిలోకి మూతిని కొద్దిగా క్రింప్ చేస్తారు. క్రింపు డై పొడవును బట్టి పనిచేస్తుంది కనుక, పొడవైన కేసు ఎక్కువ క్రింపై భుజం దగ్గర ఉబ్బుతుంది, పొట్టిదానికి క్రింపే పడదు. పొడవులు సమమైతే ఆ బాధ పోతుంది.

మోటారు ట్రిమ్మరు ధర ఎక్కువ అనుకుంటే, డ్రిల్లుకు తగిలించే పరికరంతో మొదలుపెట్టి, వెర్నియరును 1.760 దగ్గర నిలిపి మర బిగించి గేజిలా వాడుకోమనండి. కేసు దవడల మధ్యనుంచి జారిపోతే సరే, తగిలితే కత్తిరింపుకు. అంకె చదవడం లేదు కనుక అదీ త్వరగానే సాగుతుంది. మీ వంటి పనివారికి గో, నో గో గేజి గురించి నేను చెప్పనక్కరలేదు. విల్సన్ వారి కేసు గేజి ఇంకా మంచిది. కేసును అందులో వేస్తే అడుగున ఉన్న మెట్టు భుజం స్థానాన్ని, పైన ఉన్న మెట్టు పొడవును ఒకేసారి చూపుతాయి, సైజింగు డై సెట్టింగు తప్పిందేమో కూడా అక్కడే తెలిసిపోతుంది.

సైన్యపు తయారీ కేసుల్లో ప్రైమరు చుట్టూ అంచును నొక్కి బిగించి ఉంటారు. పాత ప్రైమరు తీసిన తరువాత ఆ నొక్కును స్వేజింగు (నొక్కి వెడల్పు చేసే) పరికరంతో తొలగించకపోతే కొత్తది లోపలికి పోదు. ఇది కత్తిరింపుతో సంబంధం లేని పని, కానీ ఆ కేసులను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే చేసి వేరే డబ్బాలో ఉంచితే మరెప్పుడూ చూడనక్కరలేదు. పొడవు విషయంలో 5.56కూ (సైన్యపు రకానికీ) .223కూ తేడా లేదు, ఒకే సెట్టింగు చాలు.

వరస ఇలా ఉంటే చేతులు తక్కువసార్లు మారతాయి: ముందుగా పగుళ్ళున్న కేసులను ఏరివేసి, మిగిలినవాటిని కడిగి, కందెన పూసి సైజు చేయాలి, ప్రైమరు కూడా ఆ లాగుడులోనే బయటకు వస్తుంది, ఆ పైన కందెన పోయేలా రెండోసారి టంబ్లరులో (కేసులను కదిలిస్తూ శుభ్రం చేసే యంత్రంలో) వేసి, ఆరాక కత్తిరించి, మూతిలోని రజను రాలేలా దులపాలి. కత్తిరింపు ఎప్పుడూ ప్రైమరు లేని ఖాళీ కేసు మీదనే జరగాలి, ఇందులో మినహాయింపు లేదు. పొడి టంబ్లరు దుమ్ములో పేలిన ప్రైమరు మిశ్రమపు సీసం ఉంటుంది కనుక ఆ పని గ్యారేజీ తలుపు తెరిచి చేయాలి, పిల్లలను అటు రానివ్వకూడదు, భోజనానికి ముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. మీ అక్కగారికి కూడా ఈ సంగతి తెలిస్తే మంచిది.

చివరిగా కేసు ఆయుష్షు గురించి, ఎందుకంటే బావగారి ఆందోళన సరైన చోటే ఉంది గాని దిక్కు మారింది. కేసును చంపేది కత్తిరింపు కాదు. మూతి దగ్గర మనం తీసివేసే ఇత్తడి ఎక్కడినుంచో వచ్చింది. అది అడుగుకు కొంచెం పైన ఉన్న గోడనుంచి జరిగి వచ్చిందే. అందువల్ల ఎన్నిసార్లు కత్తిరించవలసి వచ్చిందన్నది, అక్కడ గోడ ఎంత పలచబడిందో చెప్పే గుర్తు. ఒక్కొక్క జట్టు కేసులను ఒక్కొక్క డబ్బాలో ఉంచి, కత్తిరించిన ప్రతిసారీ డబ్బా మీద ఒక గీత గీసుకోమనండి. గీతలు పెరిగే కొద్దీ, ఒక సన్నని తీగ కొసను కొద్దిగా వంచి కేసు లోపల అడుగు దగ్గర పైకి కిందికి గీకి చూడాలి. కొస ఎక్కడైనా పల్లంలో చిక్కుకున్నట్టు తగిలితే ఆ కేసు తరువాతిసారి రెండుగా విడిపోయే కేసు. బయట అదేచోట మెరిసే ఉంగరం కనబడినా అంతే. అటువంటిది ఒకటి దొరికితే ఆ డబ్బాలోని ప్రతి కేసునూ తీగతో చూడాలి, చిక్కుకున్నవాటిని శ్రావణంతో నలిపి పాత ఇత్తడిలో పారవేయాలి.

పెరుగుదల త్వరత్వరగా వస్తున్నదంటే సైజింగు డై భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెడుతున్నదని అర్థం. సెమీ ఆటోమేటిక్ రైఫిలుకు అంగుళంలో వెయ్యింట మూడు నాలుగు వంతులు నెడితే చాలు. మీరు అక్కడ ఉన్నప్పుడు పరికరం కొనడానికి ముందు ఈ డైని ఒకసారి సరిచూడండి. హెడ్‌స్పేసు కంపారేటరు (అడుగు నుంచి భుజం వరకు కొలిచే సాధనం) పట్టుకొని, పేలిన కేసుకూ సైజు చేసిన కేసుకూ తేడా కొలిచి, డైని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ అంకెకు తేవడం మీ చేతికి సులువైన పని. అది సరయితే కత్తిరించవలసిన కేసుల సంఖ్యే తగ్గుతుంది.

జాలహళ్ళి_టూల్‌రూం

డై సర్దేటప్పుడు లాక్ నట్టు బిగించాక మళ్ళీ కొలవండి. బిగింపుతో మరలోని వదులు ఒక పక్కకు పోయి అంకె మారుతుంది. కేసు లోపల ఉంచి, ప్రెస్సు పిడి కిందికి నొక్కి పట్టి నట్టు బిగిస్తే డై అక్షం మీద కూర్చుంటుంది.

పీణ్య_లేత్

అలాగే చేస్తాను. బావగారి దగ్గర కంపారేటరు లేదట. కేసు గేజితో పాటు దాన్ని కూడా నేను వెళ్ళేలోగా తెప్పించమని ఈరోజే చెబుతున్నాను. ట్రిమ్మరు కొనుగోలు ఆ కొలతలు చూశాకే.